రాతి వేలు

"చూపుడువేలు అట్లనే పెట్టుకో తల్లీ. కదిలిచ్చొద్దు."

అమృత వేలు కదిలించడం లేదు. కదిలేది భుజం. మూడేళ్ల పిల్లను చంకనేసుకుని తిరిగి తిరిగి పట్టేసిన భుజం, చెయ్యిని గాలిలో నిలబెట్టమంటే తనంతట తానే వణుకుతోంది. ఒడిలో తెరిచిన పుస్తకం. ఎడమ అరచెయ్యి దాని అట్ట కింద. కుడిచేతి చూపుడువేలు ఒక వరుస మీద ఆనీ ఆననట్టు. కొండాచారి అడిగిన తీరు అది.

ఎదురుగా అత్త కూర్చుని ఉంది. నల్లరాతిలో, పీట మీద, కొంగు భుజం చుట్టూ కప్పుకుని. ఆళ్లగడ్డలో రోడ్డు పొడుగునా వరసగా ఉండే శిల్పాల షెడ్లలో కొండాచారిది చిన్నది. ఒకపక్క కొమ్ములు మొలవని నంది, ఇంకోపక్క రెక్కలు తేలని గరుత్మంతుడు, నడుమ ఉమామహేశ్వరమ్మ. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ముఖం, కొప్పు, చీర మడతలు ఎప్పుడో పూర్తయ్యాయి. కాస్త నవ్వుతున్నట్టు చెయ్యమని మామ రంగయ్య అడిగాడు. కొండాచారి పెదవి కొసలు కొంచెం పైకి తిప్పి చూశాడు గానీ, ఆ ముఖానికి అది అతకలేదు. ఎవరినో తిట్టబోయి ఆగినట్టే ఉంది.

మిగిలింది చేతులు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఉమామహేశ్వరమ్మ కుడి చూపుడువేలు నడిమి కణుపు దగ్గర తెగిపోయి ఉండేది. చొప్ప కత్తిరించే మిషన్లో పోయిన వేలు. ఊళ్లో తెలియని వాళ్లు లేరు.

"అంగం తక్కువైన బొమ్మ మా ఇంట్లో చెక్కం రంగయ్యన్నా" అని కొండాచారి మొదటి రోజే తేల్చేశాడు. "దేవుని బొమ్మ గానీ మనిషి బొమ్మ గానీ. మా నాయన చెక్కల్యా. నేనూ చెక్కను. అది నిలబెట్టిన ఇంటికి మంచిది కాదు."

"తెగిన వేలు చెక్కమని నిన్నెవరు అడిగినారప్పా? నిండు చెయ్యే చెక్కు. పుస్తకం పట్టుకున్నట్టు చెక్కు."

"పుస్తకం పట్టుకున్న చెయ్యి ఎట్లుంటాదో నాకు ఒకరు చూపియ్యాల."

అందుకని అమృతను తెచ్చి కూర్చోబెట్టారు. ఇంటి కోడలి చెయ్యి ఇంటిదే కదా అన్నాడు రంగయ్య.

మొదటి రోజు ఆయనే ఒక సన్నటి కవితల పుస్తకం ఇచ్చాడు. అది మాటిమాటికీ మూసుకుపోయింది. మర్నాడు అమృత తన పుస్తకమే తెచ్చుకుంది. డిగ్రీ మొదటి సంవత్సరం చరిత్ర. దూరవిద్యలో మిగతా పరీక్షలన్నీ అయిపోయాయి, మొదటి ఏడాది ఆగిపోయిన ఇదొక్కటే మిగిలింది. ఆదివారం, నంద్యాలలో. చేరినప్పుడు ఇచ్చిన గడువు ఈ పరీక్షతో తీరిపోతుంది. ఇది తప్పితే మొత్తం మళ్లీ మొదటి నుంచి చేరాలి. ఆ మాట ఇంకోసారి ఎత్తడానికి ఆ ఇంట్లో తనకు నోరు రాదని ఆమెకు తెలుసు. అందుకే చెయ్యి వాళ్లకు అప్పగించి కళ్లతో చదువుకుంటోంది. పేజీ అయిపోతే "అన్నా" అంటుంది. కొండాచారి ఉలి పక్కన పెట్టి, దుమ్ముపట్టిన వేలితో తానే పేజీ తిప్పుతాడు. పుస్తకం నిండా సన్నటి రాతి పొడి.

"అట్ట మీద ఈ గుంటేంది తల్లీ?" అన్నాడాయన, పుస్తకం అడుగున వంగి చూస్తూ. వెనక అట్ట మీద చతురస్రంగా, లోతుగా, లోపలి కాగితాల్లోకి కూడా దిగిన నొక్కు ఉంది.

"గ్రైండరు కాలన్నా."

ఆయనకు అర్థం కాలేదు. "బొమ్మలో గూడా ఉంచాల్నా, చదును చేసేద్దునా?"

అమృత అత్త ముఖం వైపు చూసింది.

"ఉంచు" అంది.

మధ్యాహ్నానికి రంగయ్య స్కూటర్ మీద వచ్చాడు. ఇస్త్రీ చెడని తెల్లచొక్కా, జేబులో పెన్ను. నంద్యాలలో ఎవరు ఏ పుస్తకం ఆవిష్కరించినా మొదటి వరసలో కనిపించే చొక్కా అది. పొలం కౌలుకిచ్చినప్పటి నుంచి ఆయనకు సభలే పని. వయసులో రాసిన కథలు ఎక్కడా అచ్చు కాలేదు. ఇప్పుడు భార్య పేరుతో కథల పుస్తకాలకు పురస్కారం పెట్టాడు. ఏడాదంతా ఇంటికి పార్శిళ్లు వచ్చాయి, ఒక్కో పుస్తకం నాలుగేసి ప్రతులు. వాటి తాళ్లు కోసి, అట్టపెట్టెల్లో సర్దింది అమృతే.

"ప్రతాప్ సారు ఫోన్ చేసినాడు" అన్నాడు స్కూటర్ దిగకుండానే. "సభ జనవరిలో కాదు. ఈ ఆదివారమే."

కొండాచారి ఉలి ఆపాడు. "ఈ ఆదివారమా? పాలిష్ ఎవరు పెడతారు?"

"పెట్టాలప్పా, ఎట్లన్నా పెట్టాల. డిసెంబరు ఆఖరి ఆదివారం పేపర్లో ఏడాది సాహిత్యమంతా ఒక పేజీ ఏస్తారు. ఏ కొత్త పుస్తకాలు వచ్చినాయి, ఎవరికి ఏ బహుమతి వచ్చింది, యాడ ఏ సభ జరిగింది, అంతా. ఈ జిల్లా సంగతి రాసి పంపేది ప్రతాప్ సారే. ఈ ఆదివారం జరిగితే మనది గూడా ఎక్కుతుంది. జనవరికి పోతే వచ్చే ఏటి దాంట్లో పడుతుంది. వచ్చే ఏటికి ఎవరుంటారో ఎవరు పోతారో."

"ఆదివారం నాకు పరీక్ష మామా."

రంగయ్య ఆ మాట వినిపించిన వైపు చూశాడు. అక్కడ కోడలు ఉన్నట్టు అప్పుడే గుర్తొచ్చినట్టుగా.

"ఏం పరీక్ష?"

"డిగ్రీది. ఆఖరిది. నంద్యాలలోనే, పొద్దున తొమ్మిదికి."

"పరీక్షలు ఏటా పెడతారు. మీ అత్త బొమ్మకు ముసుగు ఏటా తీస్తామా?" స్కూటర్ తిప్పుకుంటూ అన్నాడు. "నువ్వు మాట్లాడేది గూడా ఉండాది ఆ పొద్దు. ప్రతాప్ సారు రాసి పంపిస్తాడు. చూసుకో."

స్కూటర్ వెళ్లిపోయింది.

"వేలు, తల్లీ" అన్నాడు కొండాచారి మెల్లగా.

అమృత కిందికి చూసింది. ఆననట్టు ఉండాల్సిన వేలు కాగితాన్ని అదిమి పట్టి, గోరు తెల్లబడి ఉంది.

* * *

ఆహ్వాన పత్రాలు శుక్రవారం పొద్దున వచ్చాయి. కట్టలు కట్టలుగా, మందపాటి నున్నటి కాగితం. మొదటి పేజీలో ఉమామహేశ్వరమ్మ ఫొటో. దాని కింద: 'ఆగిపోయిన కోడలి చదువును చేయిపట్టి నడిపించిన అక్షరమాత.' లోపల కార్యక్రమం వరసలో, పురస్కార గ్రహీత డోన్ రచయిత్రి కరుణ పేరు తర్వాత: 'అత్తమ్మ జ్ఞాపకాలు. శ్రీమతి అమృత.' ఇంకో కాగితంలో ఆమె చదవాల్సిన మాటలు టైపు చేసి ఉన్నాయి. 'మా అత్తమ్మ ఒక చేతితో గరిటె, ఒక చేతితో పుస్తకం నాకు అందించింది' అని మొదలైంది. అమృత అంతవరకే చదివింది.

వంటింట్లో గ్రైండరు ఎగిరెగిరి పడుతోంది. నాలుగు ఇనుప కాళ్ల పాత గ్రైండరు. నాపరాతి నేల ఒకచోట పల్లంగా ఉండటంతో ఒక కాలు తేలుతుంది. అత్త ఉన్నప్పుడు ఆ కాలి కింద అమృత చరిత్ర పుస్తకం ఉండేది. పురుడయి ఇంటికి వచ్చిన కొత్తలో, పిల్లకు పాలిస్తూ చదువుకుంటుంటే అత్త దాన్ని ఒడిలోంచి లాక్కుని, నేల మీద పెట్టి, మడమతో లోపలికి తోసి, పిండికి స్విచ్చి వేసింది. "ఇప్పుడు పనికొచ్చింది" అంది. అత్త పోయిన పదకొండో రోజు అమృత గ్రైండరు ఎత్తి పుస్తకం బయటికి తీసింది. అప్పటి నుంచి పిండి రుబ్బిన ప్రతిసారీ అది ఇల్లంతా అదిరేలా మోగుతూనే ఉంది. దాని కింద ఇంకేదీ పెట్టబుద్ధి కాలేదు.

"దాని కాలి కింద ఏమన్నా పెట్టగూడదా?" అంటూ భర్త రాజశేఖర్ లోపలికి వచ్చాడు. విత్తనాల కొట్టుకు బయలుదేరుతున్నాడు, చేతిలో బండి తాళం.

అమృత ఆహ్వానం అతని ముందు పెట్టింది. "ఇది చూసినావా?"

"చూసినా. బాగానే అచ్చేసినారు."

"నన్ను చదివించిందంట."

"సభల్లో అట్లనే రాస్తారు. నాలుగు మాటలు చదివి దిగు. దానికింత ఏందీ?"

"నన్ను చదివించిందని చెప్పేదానికి నేను పరీక్ష ఎగ్గొట్టాల్నా?"

అతను తాళం వేలికి తిప్పుకున్నాడు. నవ్వు రాబోయి, భార్య ముఖం చూసి ఆగాడు.

"నాయనతో నువ్వే మాట్లాడుకో. నన్ను మధ్యలోకి లాగొద్దు."

"ఆ పుస్తకం ఈ కాలి కింద పెట్టిన పొద్దు నువ్వు ఈడనే నిలబడుంటివి. కాఫీ తాగుతాంటివి."

"సచ్చిపోయిన మనిషి మీద ఇంకెన్నాళ్లు చెప్తావ్?"

"నేను చెప్పడంల్యా. మీరే చెప్పమంటాండారు. మైకు పెట్టి."

రాజశేఖర్ బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, ఏదో సర్దిచెప్పాలని అనిపించినట్టుంది. "ఈ పరీక్ష రాసి ఇప్పుడు నువ్వేం చేయాల? ఇంట్లో దేనికి తక్కువ?" అన్నాడు.

అమృత గ్రైండరులో నీళ్లు పోసింది. పక్క వీధిలో చిన్న బడి ఉంది. డిగ్రీ ఉంటే రమ్మని ఆ బడి మేడమ్ రెండేళ్లుగా అంటోంది. ఆ సంగతి భర్తకు చెబితే మామకు చేరుతుంది, మామకు చేరితే ఆ బడి ఇక ఆ వీధిలో లేనట్టే. పాప దగ్గింది. అమృత ఉలిక్కిపడి వెళ్లి నుదురు పట్టి చూసింది. వేడి లేదు. అయినా రెండోసారి పట్టి చూసింది. ఆదివారం దీనికి జ్వరం గనక వస్తే ఇక ఎవరూ అడ్డం పడే పనే ఉండదు.

* * *

శనివారం బండిఆత్మకూరు నుంచి ఓబులమ్మ దిగింది. ఉమామహేశ్వరమ్మ చెల్లెలు. పళ్లు లేవు. ఎక్కడికి వెళ్లినా ఒక చిన్న ఇనుప రోలు, గుప్పెట్లో పట్టే ఇనుప పొత్రం సంచీలో వేసుకుని వస్తుంది, వక్కాకు దంచుకోవడానికి. అమృతకు ఆమె అంటే గిట్టదు. పెళ్లయిన వారానికే అందరి ముందూ "పుస్తకం పట్టిన చేతికి పేడ అంటుతాదా అక్కా?" అని అత్తకు అందించింది ఈవిడే.

"మా యక్క బొమ్మ చూపీండి ముందు. నీళ్లు తర్వాత తాగుతా" అంది ఆటో దిగుతూనే.

షెడ్లో కొండాచారి నూనెగుడ్డతో ఆఖరి మెరుగు పెడుతున్నాడు. నల్లరాయి నీళ్లలోంచి తీసినట్టు మెరుస్తోంది. రంగయ్య చేతులు వెనక్కి కట్టుకుని తృప్తిగా నిలబడి ఉన్నాడు. ఓబులమ్మ అక్క ముఖం చూసి మొదట కళ్లొత్తుకుంది. తర్వాత మెడ, భుజం, చెయ్యి. అక్కడ ఆగిపోయింది.

"ఈ వేలు యాడిది?"

కొండాచారి వంగి పీట తుడవసాగాడు.

"అడుగుతాండా గదా బావా. ఈ వేలు యాడిది?"

"బొమ్మకు నిండుగా ఉండాలంటే పెట్టినారు" అన్నాడు రంగయ్య. "తెగిన వేలితో పేపర్లో ఏం బాగుంటుంది?"

"ఎవరి చేతిదని పెట్టినారు?"

"కోడలి చెయ్యి చూసి చెక్కినాడు. అయితే ఏమయింది?"

ఓబులమ్మ అమృతను కింది నుంచి పైదాకా చూసింది. పిల్లను ఎత్తుకుని ఉన్న ఆ కుడిచేతిని చూసింది. ఆ చూపుకు అమృత వేళ్లు తమంతట తామే మూసుకున్నాయి.

"మా యక్క వేలు ఎట్ల పోయిందో ఈమెకు చెప్పినావా బావా?"

"అదంతా ఇప్పుడెందుకు?"

"కూలోళ్లు రాల్యా ఆ పొద్దు. బర్రెలు ఆకలికి అరుస్తాంటే మా యక్క తానే మిషన్లో చొప్ప పెట్టింది. తెగిన వేలు కొంగున ముడేసుకోని, ఒక్కతే ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయింది. అతికిస్తారేమోనని." ఆమె గొంతు పెంచలేదు. పక్క షెడ్లో రాయి కోసే మిషను ఆగిపోవడంతో ఆ మాటలు అందరికీ వినపడ్డాయి. "ఈ బావ యాడున్నాడో తెల్సునా? నంద్యాలలో. ఎవరిదో పుస్తకం ముసుగు తీస్తాండారని పోయినాడు. రాత్రికి మెడలో శాలువా ఏసుకోని, సంకలో పుస్తకం పెట్టుకోని వచ్చినాడు. కట్టు చూసి, ఏమైంది అనల్యా. అన్నమైందా అన్నాడు."

"నాకేం కలొచ్చిందా మీ యక్క వేలు తెగిందని?"

"రాలేదులే. అప్పటి నుంచి కాగితమంటేనే మంట మా యక్కకు. ఇంట్లో ఎవరు పుస్తకం పట్టుకున్నా ఆ తెగిన వేలు సలిపేదంట. నాతో చెప్పేది."

అమృతకు గ్రైండరు కింద పుస్తకాన్ని తోసిన మడమ గుర్తొచ్చింది. అంతకుముందు పుస్తకం లాక్కున్న చెయ్యి కూడా. నాలుగు వేళ్లతో పట్టుకుని, ఆ మొండి వేలు పక్కకు జరిపి పెట్టుకుంది అత్త, నిప్పుకు తగలకుండా జరుపుకున్నట్టు. అప్పుడు అమృత చూసింది. చూసి కూడా ఏమీ అనుకోలేదు. అత్త మీద కోపం ఇప్పుడూ పోలేదు. ఆ కోపం కొంచెం పక్కకు జరిగి మామకు కూడా చోటిచ్చింది, అంతే.

"ఆచారీ, ఆ వేలు తీసేయ్" అంది ఓబులమ్మ.

"నా చేత్తో తియ్యనమ్మా. చెప్పినా గదా."

"అయితే రేపు మీరు ఎవరి ముసుగు తీస్తారో తీసుకోండి. నేను రాను."

"రాకుంటే మానె" అన్నాడు రంగయ్య.

* * *

మాటకు రానంది గానీ, ఆదివారం తెల్లారకముందే తలస్నానం చేసి కారులో అందరికంటే ముందు ఎక్కి కూర్చున్నది ఓబులమ్మే. బొమ్మ ముందు రోజే ట్రాలీలో గడ్డి పరుచుకుని నంద్యాల చేరింది. కుడివైపు నల్లమల కొండల మీద ఇంకా మంచు విడవలేదు. కారు సిరివెళ్ల మెట్ట దాటింది. పట్టుచీర కుచ్చిళ్ల మీద పాప నిద్రపోతోంది. చేతిసంచీలో పాల సీసాకు, మార్చుకునే గౌనుకు అడుగున అమృత హాల్ టికెట్టు, రెండు పెన్నులు పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు.

కల్యాణ మండపంలో కుర్చీలు వేస్తున్నారు. వేదిక మీద శాలువాల పళ్లెం, పూలదండలు, మధ్యలో ఎర్రటి పట్టుగుడ్డ కప్పిన బొమ్మ. ప్రతాప్ సారు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మనిషి సన్నం, గొంతు పెద్దది.

"రావయ్యా రంగయ్యా. ఈ ఏడు నవలలు సన్నగిల్లినాయి, కథలే నిలబడినాయి అని నా వ్యాసం మొదలుపెడతాండా. అందులో మొదటి పేరా చివర మీ ఆమెదే ప్రస్తావన" అన్నాడు. రంగయ్య ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఒక గంట పోయొస్తా" అంది అమృత భర్తతో. "సభ పదింటికి గదా. పరీక్ష రాసి నేరుగా ఈడికే వస్తా."

"పరీక్ష గంటలో అయిపోతాదా? నీ వంతు పదిన్నరకే. మాట్లాడి అట్నే పో."

"తొమ్మిదిన్నర దాటితే గేటు మూస్తారు."

"మూయనీలే" అన్నాడు రాజశేఖర్. అంత సులువుగా అన్నాడు.

వెనక వరసలో ఒక నడివయసు ఆడమనిషి ఒక్కతే కూర్చుని ఉప్మా తింటోంది. అమృతను చూసి ఆహ్వానం పైకెత్తింది. "అమృత మీరేనా? నేను కరుణను, డోన్ నుంచి. పురస్కారం నాకే." పెదవి తుడుచుకుంది. "ఈడ రాసింది నిజమేనా? మీ అత్తే చదివించిందా? ఇట్లాంటి అత్త నాకుంటే నేను కథలే రాసుండను. ఏం చదువుతాండారు?"

"డిగ్రీ."

"పరీక్షలు ఎప్పుడు?"

"ఇప్పుడే. తొమ్మిదికి."

కరుణ గోడ గడియారం చూసింది. మళ్లీ అమృతను చూసింది. "మరి ఈడ నిలబడి ఏం చేస్తాండావమ్మా?" అంది.

అది తిట్టు కాదు. ఏమీ తెలియని మనిషి అడిగిన ప్రశ్న.

పాప నిద్రలేచి ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని ఊరుకోబెట్టడానికి అమృత వేదిక మీదికి, బొమ్మ వెనక ఉన్న తెర చాటుకు వెళ్లింది. అక్కడ ఓబులమ్మ ఉంది. ఎర్రగుడ్డ కిందకు చెయ్యి పెట్టి, రాతి చేతిని తడుముతోంది. ఒళ్లో ఇనుప రోలు.

"ఈ పుస్తకం కింద గుంటేందీ?" అంది వెనక్కి తిరగకుండానే.

"గ్రైండరు కాలు పడిన గుర్తు. పుస్తకం నాదే. అత్త దాని కింద పెట్టింది."

ఓబులమ్మ భుజాలు ఒకసారి కదిలాయి. నవ్వని అర్థం కావడానికి అమృతకు కొంత సేపు పట్టింది.

"చెయ్యీ నీదే, పుస్తకమూ నీదే. మా యక్కది ఏముంది ఈడ, మూతి తప్ప?" గుడ్డ పైకి మడిచింది. గాలిలో నిలిచిన చూపుడువేలు, నున్నగా, పొడుగ్గా. "యాడికి తెగిందో గుర్తుండాదా నీకు? నాకు కండ్లు సరిగ్గా ఆనవు."

"ఉండాది. అన్నం కలుపుకుంటాంటే రోజూ చూస్తాంటి."

"చూపీ."

అమృత పాపను దించి, తన వేలు రాతి వేలు మీద పెట్టింది. నడిమి కణుపుకు ఒక గోరంత పైన. ఓబులమ్మ పొత్రం తీసి కొట్టింది. రాయి ఖంగుమంది, అంతే. ఇంకోసారి కొట్టింది. ముసలి చెయ్యి జారింది. అవతల మైకు పరీక్షిస్తున్నారు.

"ఇట్లియ్యి" అంది అమృత.

ఎడమచేత్తో రాతి అరచేతిని కింది నుంచి ఆనించి పట్టుకుంది, మిగతా వేళ్లు చెదరకుండా. ఒక్క దెబ్బ. వేలు తెగి, తెరిచిన రాతి పుస్తకం మీద దొర్లి, ఆమె అరచేతిలో పడింది. చల్లగా ఉంది. తన గోరే, తన గోటి పక్క చర్మం మడతే.

ఓబులమ్మ అది తీసుకుని కొంగున పెట్టి ముడివేసుకుంది. గుడ్డ కిందికి దించింది.

"ఇంక పో."

"మామ పిలిస్తే?"

"నా యక్క గురించి నువ్వేంది చెప్పేది? నువ్వు ఈ ఇంటికొచ్చి ఎన్నాళ్లయింది? నీ నోట దాని పేరు వినేదానికి నేను ఇంత దూరం రాల్యా. నేను చెప్పుకుంటా పో." ఆ గొంతులో ఎక్కడా మెత్తదనం లేదు. "పిల్లనిట్లియ్యి. నేనేం తినను దాన్ని."

"దగ్గు వస్తే సంచీలో మందుంది. పాలు గోరువెచ్చగానే..."

"ఇద్దర్ని కన్నా, ముగ్గురు మనవళ్లను సాకినా. పో."

అమృత పక్క మెట్ల మీదుగా దిగింది. పట్టుచీరలో ఆటో వెనక పరుగెత్తే మనిషిని నంద్యాల రోడ్డు తల తిప్పి చూసింది. గేటు మూయబోతున్న వాచ్‌మన్, "పెండ్లి నుంచి వస్తాండావా పాపా?" అన్నాడు. ఆమె హాల్ టికెట్టు చూపించింది. లోపల ప్రశ్నాపత్రం మీద అక్షరాలు కాసేపు నిలబడలేదు. చెయ్యి బల్ల మీద ఆనించింది. నాలుగు రోజులు గాలిలో నిలబడి నొప్పెత్తిన చెయ్యి, బల్ల దొరికేసరికి వణుకు మానింది. రాయడం మొదలుపెట్టింది. మధ్యలో రెండుసార్లు పాప ఏడుపు వినిపించినట్టయి తలెత్తింది. బయట ఎవరూ ఏడవడం లేదు.

తిరిగి వచ్చేసరికి మండపంలో భోజనాలు నడుస్తున్నాయి. వేదిక మీద బొమ్మకు ముసుగు లేదు. ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్లు వరసగా వచ్చి ఆ మొండి వేలు తాకి కళ్లకద్దుకుంటున్నారు. "ఇదీ మన ఉమక్క" అంది ఒకామె. పక్కామె ముక్కు చీదింది. కొండాచారి దూరంగా స్తంభానికి ఆనుకుని, భోజనానికి పోకుండా నేల చూస్తున్నాడు. పాప ఓబులమ్మ ఒడిలో నిద్రపోతోంది. ఓబులమ్మ రోట్లో వక్కాకు దంచుకుంటోంది. అమృత వైపు తల ఎత్తలేదు.

రంగయ్య శాలువాతో ఎదురొచ్చాడు. కోడలిని, ఆమె వేళ్ల మీది సిరా మరకను చూశాడు.

"రాసినావా?"

"రాసినా మామా."

"నువ్వు లేవని ఒక్కరు గూడా అడగల్యా" అన్నాడు. ఆ మాట ఆమెకు తగలాలని కొంచెం ఆగాడు. తర్వాత ప్రతాప్ సారు చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోయడానికి వెళ్లాడు.

* * *

ఆఖరి ఆదివారం పేపరు తెల్లారేసరికే వచ్చింది. ఏడాది సాహిత్యమంతా ఒక పేజీ. పెద్ద బహుమతులు, పెద్ద పేర్లు, పోయినవాళ్లు, కొత్త పుస్తకాలు. మూడో వరసలో, కింద, ఒక వాక్యం: 'ఆళ్లగడ్డ ఉమామహేశ్వరమ్మ స్మారక తొలి కథా పురస్కారం డోన్ రచయిత్రి కరుణ అందుకున్నారు.' పక్కన తపాలా బిళ్లంత ఫొటో. మనుషుల ముఖాలు తెలియడం లేదు. నల్లటి బొమ్మ, తెరిచిన పుస్తకం, దాని పైన మొండి వేలు మాత్రం స్పష్టంగా తెలుస్తున్నాయి.

ఫోన్లు మొదలయ్యాయి. రంగయ్య వరండాలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతున్నాడు.

"అవునప్పా... అచ్చం ఆమెనే అంటాండారు అందరూ... ఆ వేలు గూడానా? నేనే చెప్పి చెక్కించినా. ఆచారి మొదట ఒప్పుకోల్యా. అది ల్యాకుంటే మా ఆమె ఎట్లయితాదప్పా అన్నా. వేలు తెగిన పొద్దు నేను పడిన బాధ నాకే తెలుసు..."

అమృత వంటింట్లో మినప్పప్పు వేసి స్విచ్చి నొక్కింది. గ్రైండరు ఎగరడం మొదలుపెట్టింది. గోడవార మిగిలిన ఆహ్వానాల కట్టలు ఉన్నాయి. ఒకటి తీసింది. అక్షరమాత మాటలు లోపలికి వచ్చేలా మడిచింది, ఇంకోసారి మడిచింది, ఇంకోటి దానికి కలిపింది. మందం వేళ్లతో చూసుకుని, వంగి, తేలుతున్న కాలి కింద పెట్టి, మడమతో లోపలికి తోసింది.

మోత ఆగింది. రాయి మెత్తగా తిరుగుతోంది.

"ఏమ్మా" అని వరండాలోంచి రంగయ్య కేకేశాడు, ఫోన్ చేత్తో మూసి. "గ్రైండరు చెడిపోయిందా? చప్పుడే ల్యా?"

"తిరుగుతాంది మామా" అంది అమృత.